అంచుకు అంచు

ఎడమ చేత గావా దల్లా, కుడి చేత బుడ్డ ఫింజాను.
దల్లా ముక్కును ఫింజాను అంచుకు ఆనిస్తాను,
టక్కుమన్నాకే వంచుతాను.
మేడం వాళ్ళమ్మ మెచ్చుకుందట,
హిందీ పిల్లయినా మన మర్యాద బాగా పట్టిందని.
మర్యాద కాదు పెద్దమ్మా,
ఫింజాను ఎంత దూరాన ఉందో నా కంటికి తెలియదు.
చెవితో కొలుస్తాను.

చిట్వేలిలో నేను మెల్ల ఓబుళమ్మను.
పలకను చూస్తుంటే కిటికీ చూస్తున్నానని
అయ్యవారు తొడపాశం పెట్టేవాడు.
"మెల్లకన్ను అదృష్టమే పాపా" అనేది అవ్వ.
అదృష్టం ఏ వైపు నుంచి వస్తుందో,
ఏ కంటితో కనిపెట్టాలో
చెప్పకుండానే పోయింది.
వీసా ఫోటోకి కోడూరు స్టూడియోలో
"మొగం రవ్వంత తిప్పి ఆ క్యాలెండర్ చూడక్కా" అన్నాడు.
ఎరువుల కంపెనీ క్యాలెండర్, అందులో అరటిగెల.
కువైట్ గవర్నమెంటు కాగితాల్లో ఇప్పటికీ
నేను ఆ గెలనే చూస్తూ ఉంటాను.

మౌదీకి నాలుగేళ్ళు.
ఎడమ కన్ను ముక్కు వైపు జారుతుంది.
కుడి కంటికి పట్టీ వెయ్యమన్నారు, రోజూ రెండు గంటలు.
బాగున్న కన్నుకా పట్టీ? అని ఇల్లంతా గోల.
బాగా పనిచేసేదానికి సెలవిచ్చి
సోమరిదాని చేత చాకిరీ చేయించడం
ఈ ఇంట్లో నేనూ అదే మొదట వినడం.

పట్టీ వేసుకుని రసం పోసుకోబోయి
గ్లాసు పక్కన తివాచీ మీద పోసింది.
ఏడుస్తుంటే పక్కన కూర్చున్నాను.
ఆనించు. విను. అప్పుడు వంచు.
నా దగ్గరున్న చదువు అంతే,
అంతా ఇచ్చేశాను.

ఆస్పత్రిలో రెండు గొట్టాల మిషను.
ఒక గొట్టంలో చిలక, ఇంకో దాంట్లో పంజరం.
చిలకను లోపలికి పంపమ్మా, అంటుంది సిస్టర్ ఇఖ్లాస్.
రెండు కళ్ళూ ఒకటైతేనే చిలక లోపలికి పోతుందట.
మొదటి నెల పంజరం చుట్టూ తిరిగింది.
మూడో నెల తోక బయట మిగిలింది.
అయిదో నెల మౌదీ చప్పట్లు కొట్టింది.

సిస్టర్ ఫైలు రాస్తుంటే
నేనూ వంగి చూశాను.

చిలక.
పచ్చగా, ఒంటరిగా, తెల్లటి వెలుగులో.
"పంజరమేది సిస్టర్?"
"ఉంది, కుడి గొట్టంలో. సరిగా చూడు."
ఎడమ కన్ను మూశాను.
మసగ్గా ఊచలు, లోపల ఏమీ లేదు.
మళ్ళీ తెరిచాను. ఊచలు పోయాయి. చిలకే.

ఆమె నా గడ్డం పట్టుకుని చూసింది.
నీ కుడి కన్ను చూస్తూనే ఉంది,
చిన్నప్పుడు రెండు బొమ్మలు కలవకపోతే
మెదడు దాని మాట వినడం మానేసింది, అంది.
ఒక కంట వెన్న, ఒక కంట సున్నం అంటారు మా వైపు.
అది నా తలలోనే జరిగిందన్నమాట,
నన్నడక్కుండానే.
"పట్టీ వేస్తే?"
"నీకెన్నేళ్ళు?"
ముప్పై ఎనిమిది, అన్నాను.
ఆమె పెన్ను మూత పెట్టింది.
నా పేరు మీద ఫైలు లేదు గదా, రాయడానికి.

ఇంటికొస్తుంటే కారు అద్దంలో సముద్రం,
గోడకు కొట్టిన నీలం రంగులా.
మిగతావాళ్ళకు అదెలా ఉంటుందో
డ్రైవర్ని అడుగుదామనుకున్నాను.
ఎలా అడగాలి?

మౌదీ ఇప్పుడు జానెడు ఎత్తు నుంచి పోస్తుంది.
ఆనించదు. ధార తిన్నగా ఫింజాన్లోకే.
ఆ జానెడు ఖాళీని అది చూస్తోంది,
నేను దాని మొహాన్ని చూస్తాను.

నేను దల్లా ఎత్తినప్పుడు మాత్రం
ఎవరూ చూడకుండా దగ్గరికొచ్చి
ఫింజాను అంచు మీద గోటితో కొడుతుంది.
టక్.
ఇక్కడ, అని.